పెరట్లో పందికొక్కులా? విషం కొనేముందు ఇది చదవండి!

ఇంటిముందు నాలుగు గజాల జాగా ఉంటే చాలు, మనలో చాలామందికి ప్రాణం లేచొస్తుంది. ఒక మూల తులసికోట, గోడవారగా నందివర్ధనం, కనకాంబరాలు, పెరట్లో కరివేపాకు చెట్టు, ఓ అరటి పిలక, నాలుగు చేమ మొక్కలు... ఈమధ్య చాలా ఇళ్ళలో ముందువైపు పచ్చగడ్డి లాన్ కూడా వేయించుకుంటున్నారు. సాయంత్రం పని ముగించుకుని ఆ గడ్డిలో కాసేపు కాళ్ళు జాపుకు కూర్చుంటే ఆ హాయే వేరు కదూ!

అలాంటిచోట ఒకరోజు పొద్దున్నే తట్టెడు మట్టి కుప్పపోసి కనిపిస్తుంది. దాని పక్కన పిడికిలి పట్టేంత కన్నం. మర్నాడు ఇంకోటి. వారం తిరిగేసరికి గడ్డి చారలుచారలుగా ఎండిపోతుంది, కాలు వేస్తే నేల లోపలికి కుంగుతుంది. చేమదుంపలు తవ్వుదామని చూస్తే పైన ఆకులే మిగులుతాయి, కింద ఖాళీ! ఇదంతా ఎవరి నిర్వాకమో మీకు వేరే చెప్పక్కర్లేదు. పందికొక్కుగారు మీ ఇంట కాపురం పెట్టారన్నమాట.

దీనికి మన తెలుగువాళ్ళం పెట్టిన పేరు ఎంత గొప్పదంటే, ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్నే పట్టుకుపోయి ‘బ్యాండికూట్’ అని రాసుకున్నారు. పేరు మనదే, పీడా మనదే! సరే, వదిలించుకోవడం ఎలాగో చూద్దాం.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

తోటలో కన్నం కనపడగానే పందికొక్కు అని కంగారుపడకండి. పెరట్లో తిరిగేవి మూడు నాలుగు రకాలుంటాయి.

మూతి పొడుగ్గా, సన్నగా ఉండి, కీచుకీచుమంటూ గోడవారనే పరుగెత్తే చుంచును మీరు చూసే ఉంటారు. అది దగ్గరకొస్తే ఒకలాంటి కంపు కొడుతుంది. కానీ అది తినేది బొద్దింకల్నీ, పురుగుల్నీ. మీ లాన్‌ని తవ్వి పోసేది అది కాదు. దాని మానాన దాన్ని పోనివ్వండి. ఇంట్లో బియ్యం డబ్బాల వెనకాల తిరిగే చిన్న ఎలుక వేరు. మొక్కల మొదట్లో చిన్న చిన్న ఉండల్లాంటి మట్టి కనిపిస్తే అది వానపాముల పని. అది మీ నేలకి మంచిదే.

పందికొక్కు అయితే కన్నం మూడు నాలుగంగుళాల వెడల్పుంటుంది. మూతి దగ్గర కొత్త మట్టి కుప్ప ఉంటుంది. వీటిలో పెద్ద రకం ఒళ్ళే అడుగు దాకా ఉంటుంది, తోకా ఇంచుమించు అంతే. అరకిలో నుంచి కిలో దాకా తూగుతుంది. అది ఎదురైతే పిల్లి కూడా ఒకడుగు వెనక్కి వేస్తుంది! చిన్న రకం వరి పొలాల్లో, ఊళ్ళో కాలవ గట్ల మీద ఉంటుంది. అది లోపలికి వెళ్ళాక కన్నాన్ని మట్టితో మూసేసుకుంటుంది కూడా. అందుకని పైకి కన్నం లేదని ధీమాగా ఉండొద్దు. మట్టి కుప్ప ఉంటే కింద కాపురం ఉన్నట్టే.

అమెరికాలో ఉన్న మా అక్క కూతురు వాళ్ళ లాన్‌లో కూడా ఇలాగే మట్టి కుప్పలు వస్తున్నాయని ఫోన్‌లో మొత్తుకుంది. అయితే అక్కడ తవ్వేది ‘మోల్’ అనే వేరే జీవి. దానికి కళ్ళు కనపడీ కనపడనట్టుంటాయి, ముందరి పాదాలు పారల్లా ఉంటాయి. అది తినేది వానపాముల్నీ, మట్టిలోని పురుగుల్నీ. వేళ్ళ జోలికి పోదు. మన తెలుగునాట ఆ జాతి లేదు. మన పందికొక్కు ధాన్యం, దుంపలు, కొబ్బరి, ఇంట్లో మిగిలిన అన్నం, ఏది దొరికితే అది తింటుంది. అందుకే అక్కడి చిట్కాలు వీడియోల్లో చూసి ఇక్కడ చేస్తే డబ్బు దండగ.

ఏ కన్నంలో ఉందో కనిపెట్టడం ఎలా?

ఇది చాలా తేలిక. సాయంత్రం చీకటి పడకముందే పెరట్లో ఉన్న కన్నాలన్నిటినీ తడిమట్టితో మూసేయండి. ఎన్ని మూశారో ఒక కాగితం మీద గుర్తు రాసుకోండి. తెల్లవారి చూస్తే వాటిలో కొన్ని తెరుచుకుని ఉంటాయి. అవే కాపురం ఉన్నవి. మిగతావి వదిలేసిన పాత దారులు. పది కన్నాలు చూసి పది పందికొక్కులనుకుని బెంబేలు పడతాం గానీ, ఒక్కో బొరియకి నాలుగైదు వాకిళ్ళుంటాయి.

ఒక్క హెచ్చరిక. ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని కర్రపుల్లలు దూర్చనివ్వొద్దు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. నాగుపాము తనకై తాను బొరియ తవ్వుకోదు, ఇలా తవ్విపెట్టిన దాంట్లోనే దూరుతుంది. మీ తోటలో పందికొక్కుల్ని పెరగనిచ్చారంటే రేపు పాముకి ఇల్లు కట్టిపెట్టినట్టే.

నాలుగు మొక్కలు పోతే పోయాయి అనుకోకండి

మాది తెనాలి. ఊరి చుట్టూ వరి పొలాలే. కార్తీకం వెళ్ళి కోతలు మొదలయ్యేసరికి పొలాల్లో తిండి తగ్గి, అవన్నీ ఊళ్ళోకి బయల్దేరతాయి. రెండేళ్ళ కిందట మా లాన్‌లో మట్టి కుప్పలు మొదలైంది ఆ రోజుల్లోనే. గడ్డి సంగతి అలా ఉంచండి. సంక్రాంతికి రంగులు వేయిద్దామని వచ్చిన మేస్త్రి తూర్పువైపు ప్రహరీ చూసి, “అమ్మగారూ, రంగులు తర్వాత. గోడ కింద నేల లేదు” అన్నాడు. చూస్తే గోడకి వేలు దూరేంత పగులు!

అతను పక్కన రెండడుగులు తవ్వితే పునాది కింద నుంచి సొరంగం. అందులో బుట్టెడు సామాను దాచి ఉంది! వేరుశనగకాయలు, కొబ్బరి ముక్కలు, గుడ్డపేలికలు, ప్లాస్టిక్ కాగితాలు. ఇవి తిన్నంత తిని మిగిలింది దాచుకునే రకం. ఆ గోడకి అవతల పక్కింటి వదినగారి మనవడు రోజూ మూడు చక్రాల సైకిల్ తొక్కుతాడు. గోడ అటు ఒరిగితే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇంకో భయం నీళ్ళ సంపు. మూత సరిగ్గా లేకపోయినా, సంపు గోడకి చీలిక ఉన్నా మురుగు, ఎలుక మూత్రం మంచినీళ్ళలో కలుస్తాయి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఆ మూత్రం కలిసిన నీళ్ళలో, తడిమట్టిలో చెప్పుల్లేకుండా తిరిగినప్పుడు కాళ్ళ పగుళ్ళ నుంచి, గాయాల నుంచి ఒంట్లోకి ఎక్కుతుంది. ఎక్కువ జ్వరం, తలనొప్పి, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళెర్రబడడం దీని లక్షణాలు. ముదిరితే కామెర్లు వచ్చి కిడ్నీల మీదకి పోతుంది. వానాకాలంలో ఇలాంటి జ్వరం వస్తే డాక్టరుగారికి ‘మా ఇంట్లో ఎలుకలున్నాయండీ’ అని తప్పకుండా చెప్పండి. తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గిపోతుంది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు దేశమంతా ఎంత హడలిపోయిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అదీ ఎలుకల మీది గోమార్ల వల్ల అంటే జబ్బే.

ఇక వీటి సంతానం సంగతి. మూడు వారాల్లో ఈనుతాయి. ఈతకి అయిదారు పిల్లలు మామూలు, పది దాకా కూడా ఉంటాయి. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలూ తల్లులవుతాయి. సంక్రాంతి తర్వాత చూద్దాంలే అని ఊరుకుంటే ఉగాదికి ఎన్నవుతాయో మీరే లెక్కేసుకోండి!

“వినాయకుడి వాహనాన్ని చంపుతారా?”

మన ఇళ్ళల్లో ఈ మాట రాకుండా ఉండదు. మా అత్తయ్యగారికి చవితి పూజలో మూషికం ముందు కూడా ఒక ఉండ్రం పెట్టడం అలవాటు. ఆవిడ ఏమంటారోనని నేను జంకుతూనే అడిగాను. ఆవిడ గోడ పగులు వంక చూసి, “స్వామి దాని మీద ఎక్కి కూర్చున్నాడే గానీ దాన్ని నెత్తినెక్కించుకోలేదు కదమ్మా! అదుపులో పెట్టమనే అర్థం” అన్నారు. ఇంతకంటే ఏం కావాలి!

అయితే ఆవిడే ఇంకో మాట కూడా అన్నారు. “అదుపులో పెట్టు, కానీ విషం మాత్రం వద్దు. ఇంట్లోకి తెచ్చిన విషం ఎవర్ని ముట్టుకుంటుందో మనకి తెలీదు.” మావారు అప్పటికే మందు పొట్లం కొనడానికి చెప్పులు వేసుకున్నారు! ‘ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు’ అని ఊరికే అనలేదు పెద్దలు. ఆయన చెప్పులు విప్పేశారు. మేం వేరే దారి పట్టాం. అదే మీకూ చెప్తున్నాను.

మొదటి వారం: తిండి బందు

పందికొక్కు మీ ఇంటికి మీ మీద ప్రేమతో రాదు. తిండి, నీళ్ళు, నక్కడానికి చోటు, ఈ మూడింటి కోసం వస్తుంది. ఇవి ఉన్నంతకాలం మీరు పది పట్టినా పదకొండోది వస్తుంది.

- రాత్రి గిన్నెల్లో మిగిలిన అన్నం, కూరలు పెరట్లో పారబోయకండి. అంట్లు తోమే చోట మెతుకులు లేకుండా నీళ్ళు కొట్టండి.
- కుక్కకి పెట్టిన అన్నం తిన్నాక గిన్నె తీసేయండి. రాత్రంతా ఉంచితే కుక్క తినేది కొంత, కొక్కు తినేది కొంత.
- కూరగాయ తొక్కులతో ఎరువు చేసుకునేవారు గుంటలో కాకుండా మూతపడే డ్రమ్ములో చేసుకోండి. అందులో వండిన పదార్థాలు వేయొద్దు.
- కొబ్బరి చిప్పలు, డొక్కలు, రాలిన కాయలు ఏ పూటకాపూట ఏరేయండి.
- గోడవార పేర్చిన పాత ఇటుకలు, కర్రలు, విరిగిన కుర్చీలు తీయించేయండి. తీయలేకపోతే అడుగు ఎత్తున పలకల మీదకి ఎక్కించండి. కింద చీపురు ఆడేలా ఉండాలి.
- బియ్యం, పప్పులు గోనెసంచుల్లో కాకుండా రేకు డబ్బాల్లో పోసుకోండి. ఎలుక పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి కొరక్కుండా ఉండలేవు. ప్లాస్టిక్ డబ్బా వాటికొక లెక్క కాదు.
- కారే కుళాయి బాగుచేయించండి. బయట బకెట్లలో నీళ్ళు రాత్రిపూట నిలవ ఉంచొద్దు.

వీటి రెట్టలున్నచోట పొడిగా ఊడ్చకండి. ముందు బ్లీచింగ్ నీళ్ళు గానీ ఫినాయిల్ నీళ్ళు గానీ చల్లి, కాసేపు నానాక చేతికి తొడుగు వేసుకుని తీయండి.

రెండో వారం: బోను, బుట్ట

పందికొక్కుకి చిన్న ఎలుకల బోను చాలదు. హార్డువేర్ షాపుల్లో పెద్ద ఇనప బోను దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తెచ్చిన రాత్రే బోను బిగించేస్తారు. అది రాదు! ఇవి మహా అనుమానపు జీవులు. దారిలో కొత్త వస్తువు కనపడితే రెండు మూడు రోజులు దగ్గరికే రావు.

అందుకని మొదటి మూడు రాత్రులు బోను బిగించకుండా తలుపు తెరిచి కట్టేసి, లోపల తిండి పెట్టండి. ఉల్లిపాయ బజ్జీ, కాల్చిన కొబ్బరిముక్క, వేరుశనగపప్పు, తినేవాళ్ళయితే ఎండుచేప. వాసన వచ్చేదేదైనా సరే. పొద్దున్నకల్లా తిండి మాయమవుతోందంటే అలవాటు పడిందన్నమాట. నాలుగో రాత్రి బిగించండి. బోను ఎప్పుడూ గోడవారనే, అది నడిచే దారిలోనే పెట్టాలి. అవి ఖాళీ జాగాలో అడ్డంగా నడవవు, గోడని రాసుకుంటూ పోతాయి. ఆ దారి నూనె పూసినట్టు నల్లగా ఉంటుంది, చూస్తే మీకే తెలుస్తుంది.

మా డెల్టా పొలాల్లో బోనుల కంటే వెదురు బుట్టలు ఎక్కువ వాడతారు. వెదురుబద్దని విల్లులా వంచి కట్టిన బుట్ట అది. ఎలుక లోపలికి తల పెట్టగానే ఉచ్చు బిగుస్తుంది. బుట్టలు పెట్టేవాళ్ళు ఎన్ని పడితే అన్నిటికి లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. మా వీధికి ఒక పెద్దాయన వచ్చాడు. యానాదులు. కన్నాలన్నీ ఒకసారి తిరిగి చూసి, మట్టి వేళ్ళతో నలిపి, “ఇది ఇవాళ్టిది, ఇది మొన్నటిది, ఇందులో పిల్లలున్నాయి” అని ఒక్కొక్కటీ చెప్తుంటే మేం నోరు తెరిచాం. ఎన్ని పుస్తకాలు చదివితే వస్తుందండీ ఆ చదువు! ఆయన చేతిలో డబ్బు పెట్టేటప్పుడు బేరమాడబుద్ధి కాలేదు.

బోనులో పడ్డదాన్ని తీసుకెళ్ళి పక్క వీధి కాలవలో వదిలేయడం మాత్రం ధర్మం కాదు. అది వాళ్ళింట్లో దూరుతుంది, లేదా మళ్ళీ మీ ఇంటికే వస్తుంది. ఎలుకలు పట్టేవాళ్ళకి అప్పగించండి. చచ్చినదాన్ని రెండడుగుల లోతున పాతిపెట్టాలి. కాలవలో విసరొద్దు. బోనుని వేణ్ణీళ్ళతో, సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి. ఎప్పుడైనా కరిస్తే పావుగంట సేపు సబ్బునీళ్ళతో ధారగా కడిగి, డాక్టరు దగ్గరకి వెళ్ళండి. టెటనస్ సూది అవసరమవుతుంది.

జిగురు అట్టలు కొనకండి. అది అంటుకుని రోజంతా గిలగిల్లాడుతుంటే చూడలేం. పైగా మన తోటకొచ్చిన పిచ్చుకలూ, ఉడతలూ, తొండలూ దాంట్లో పడతాయి.

ఒక్క ఇల్లు బాగుచేస్తే చాలదు

ఈ సంగతి అసలైనది. పందికొక్కుకి మీ గోడ, మా గోడ అని ఉండదు. మేం మా ఇంట్లో తిండి బందు చేసినా మట్టి కుప్పలు ఆగలేదు. బుట్టల పెద్దాయనే చెప్పాడు, “అమ్మా, ఇవి మీ ఇంట్లో పడుకుంటన్నయ్యి. తిండి వీధి చివర తింటన్నయ్యి” అని.

మా వీధి చివర ఒకావిడ టిఫిన్ బండి పెట్టుకుంది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బండి మీదే చదివిస్తోంది. రాత్రి మిగిలిన చట్నీ, సాంబారు, విరిగిన ఇడ్లీలు కాలవలో పోస్తోంది. వీధిలో కొందరు మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసి బండి తీయించేద్దామన్నారు. కాగితం కూడా తయారైంది. నాకు మనసొప్పలేదు. పక్కింటి వదినగారూ, నేనూ వెళ్ళి మాట్లాడాం. ముందు ఆమె భయపడింది. తర్వాత, “నాకు మాత్రం సరదాగా ఉందా అమ్మగారూ? నా పిండి సంచులు రెండు కొరికేసినయ్యి. మరి మిగిలింది ఎక్కడ పొయ్యమంటారు?” అంది. ఆ ప్రశ్నకి ఫిర్యాదు రాసినవాళ్ళ దగ్గర కూడా జవాబు లేదు!

అయిదిళ్ళవాళ్ళం తలా కొంత వేసుకుని మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొనిచ్చాం. పొద్దున్నే చెత్త బండి వచ్చేదాకా మూత తీయకూడదని ఒప్పందం. పాలు పోసే ఆయన గేదెలకి మంచి ఇడ్లీలు విడిగా పట్టుకెళ్తానన్నాడు. ఆ కాగితం చించేశారు. అదే వారం అయిదిళ్ళలోనూ ఒకేసారి బుట్టలు పెట్టించాం. నాలుగు రాత్రుల్లో పదకొండు పడ్డాయి. అంతకుముందు మా ఒక్క ఇంట్లో పది రోజులు ప్రయత్నిస్తే పడ్డవి రెండే.

కాబట్టి మీ వీధిలో కూడా ఆడవాళ్ళు నలుగురు కూర్చుని ఒక తేదీ అనుకోండి. ఒకేసారి శుభ్రం, ఒకేసారి బోనులు. వంతులు వేసుకుంటే బోనులు కూడా ఇంటికొకటి కొనక్కర్లేదు.

మూడో వారం: కన్నాలు మూయడం, గడ్డి నాటడం

పట్టడం అయిపోయాకే కన్నాలు మూయాలి. ముందే మూస్తే అవి ఇంకోచోట తవ్వుకుని బయటికొస్తాయి. మళ్ళీ సాయంత్రం మట్టితో మూసి చూడండి. వరసగా మూడు రోజులు ఏ కన్నమూ తెరుచుకోకపోతే ఖాళీ అయినట్టు.

గోడ పక్కన ఉన్న బొరియల్లో నీళ్ళు పోయకండి. పునాది మట్టి కొట్టుకుపోయి గోడకే ముప్పు. సొరంగం పైకప్పు తవ్వి, ఇటుకముక్కలు, కంకర వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. గోడ వైపు కన్నాలకి సిమెంటులో పగిలిన గాజుపెంకులు కలిపి కూరితే మళ్ళీ తవ్వవు. పిల్లలు ఆడేచోట మాత్రం గాజుపెంకులు పైకి తేలకుండా చూసుకోండి. పునాది కింద బోలు ఎక్కువుంటే మేస్త్రికి చూపించకుండా మీరే పూడ్చేయొద్దు.

లాన్ చుట్టూ, దుంపల మడి చుట్టూ అరంగుళం కళ్ళున్న ఇనప జల్లెడవల పాతించుకోవచ్చు. రెండడుగుల లోతు కాలవ తీసి, వలని నిలువుగా దింపి, అడుగున అరడుగు బయటికి వంచాలి. కిందకి తవ్వుకుంటూ వచ్చిన కొక్కుకి ఆ వంపు అడ్డం తగులుతుంది. కాస్త ఖర్చయినా చాలా ఏళ్ళు చూసుకోనక్కర్లేదు. మురుగు గొట్టాల మూతులకి ఇనప జాలీ బిగించండి. వీటికి ఈత బాగా వచ్చు. సంపు మూత అంచుల్లో వేలు దూరే సందు కూడా ఉండకూడదు.

గడ్డి సంగతికొస్తే, కుంగిన చోట మట్టీ, ఇసకా, చివికిన పశువుల ఎరువూ సమంగా కలిపి నింపండి. నీళ్ళు పోసి రెండు రోజులు ఆగితే దిగుతుంది. మళ్ళీ నింపి, పచ్చగా ఉన్నచోట నుంచి గడ్డి పిలకలు తెచ్చి జానెడుకి రెండేసి నాటండి. రెండు పూటలా పల్చగా నీళ్ళు చల్లితే కొద్ది వారాల్లో కలిసిపోతుంది.

విషం వాడక తప్పకపోతే...

నిజంగా గత్యంతరం లేకపోతే, ఈ జాగ్రత్తలు కాగితం మీద రాసి గోడకి అంటించి మరీ వాడండి.

పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టుని ఇంట్లోకే రానివ్వకండి. అది మనిషి కడుపులోకి పోతే మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. దానికి విరుగుడు మందు లేదు. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లపొడికీ విరుగుడు లేదు. ధాన్యంలో పెట్టే బిళ్ళలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇళ్ళ దగ్గర కన్నాల్లో వేయడం మహా ప్రమాదం. ఆ విషవాయువు సొరంగం దారిన పడకగదిలోకి కూడా వస్తుంది.

ఉన్నవాటిలో కాస్త నయం బ్రోమాడియోలోన్ బిళ్ళలు. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న కొన్ని రోజులకి పనిచేస్తుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. నయం అన్నానని నిర్లక్ష్యం వద్దు. ఆ బిళ్ళని కన్నం లోపలికి, చెయ్యి అందనంత దూరం కర్రతో తోసి, పైన మట్టితో మూయాలి. ఆరుబయట పెట్టకూడదు. పకోడీలో, బిస్కెట్‌లో, లడ్డూలో విషం కలపడం అనే అలవాటు ఒకటుంది మనకి. దయచేసి మానేయండి. పసిపిల్లకి అది పకోడీయే కదా! వంటింటి గిన్నెలూ, గరిటెలూ దీనికి వాడొద్దు. పొట్లం పారేయకండి. పొరపాటున ఎవరైనా తింటే, బాగానే ఉన్నారని ఆగకుండా, పొట్లం పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. అది ఏ మందో తెలిస్తేనే డాక్టర్లు సరైన వైద్యం చేయగలరు.

మందు తిన్న ఎలుకని పిల్లో, కుక్కో, గుడ్లగూబో తింటే వాటికీ ఎక్కుతుంది. ఎలుకల్ని తినే గుడ్లగూబని అపశకునమని తరిమేస్తాం గానీ, అది ఊరికే కాపలా కాసే నౌకరు. జెర్రిపోతూ అంతే. మా వెనక వీధిలో ముద్దుగా పెంచుకున్న కుక్క ఒకటి ఇలాగే పోయింది. విషం పెట్టింది ఎవరో కూడా తెలియలేదు.

వీటిని నమ్ముకోవద్దు

కలరా ఉండలు కన్నాల్లో వేస్తే పోతాయంటారు. పక్క కన్నంలోంచి బయటికొస్తాయి, అంతే. పైగా అవి తెల్లగా మెరుస్తూ పిల్లలకి పిప్పరమెంట్లలా కనపడతాయి. చప్పుడు చేసి తరిమే కరెంటు యంత్రాలకి కొన్నాళ్ళకి ఎలుకలు అలవాటుపడిపోతాయి. గోడ అడ్డమొస్తే ఆ చప్పుడు అవతలికి పోదు. ఎండుమిరపకాయల పొగ పొలంలో పెడతారు గానీ, ఇంటి పక్కన పెడితే ఊపిరాడక దగ్గేది మనమే. ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే మరీ ప్రమాదం.

ఇంక మర్చిపోకుండా చేయాల్సింది

ఒకసారి పోయాయని ఊరుకోకండి. నెలకోసారి, మీకు గుర్తుండేలా ఏ పౌర్ణమి మర్నాడో, ఒక పావుగంట తోటంతా తిరగండి. గోడవార కొత్త మట్టి ఉందా, సంపు మూత సరిగ్గా ఉందా, మురుగు జాలీ ఊడిందా, ఇటుకలు మళ్ళీ పోగుపడ్డాయా... ఇంతే చూడాల్సింది. వరికోతల ముందు, మళ్ళీ వానలు పడగానే ఇంకాస్త శ్రద్ధగా చూడండి. ఒక్క కన్నం ఉన్నప్పుడు పట్టుకుంటే ఒక్క బోనుతో పోతుంది.

అలాగే తోటపని చేసేటప్పుడు చెప్పులు వేసుకోండి. మట్టి పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. కాళ్ళకి పగుళ్ళుంటే రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని, తడిలోకి వెళ్ళేముందు కాళ్ళకి మూసి ఉండే చెప్పులు తొడుక్కోండి. ఇంటిల్లిపాది ఆరోగ్యం చూసే మనం మన కాళ్ళ సంగతే మర్చిపోతాం!

తోట మీది, గడ్డి మీది, గోడ మీది. ఆ గోడకి అటూ ఇటూ ఆడే పిల్లలు అందరివీ. ఈ ఆదివారమే పక్కింటావిణ్ణి పిలిచి కాఫీ ఇచ్చి, “మీ పెరట్లో కూడా మట్టి కుప్పలు ఉన్నాయా వదినా?” అని అడగండి. పని అక్కడి నుంచే మొదలవుతుంది.